అపాస్ట్రఫీ ఎస్: పిల్లలకు ఏ పద్ధతిలో నేర్పితే నిలుస్తుంది?

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం కూర్చోబెట్టి అపాస్ట్రఫీ ఎస్ నేర్పాను, అదే, ఫలానా వస్తువు ఎవరిదో చెప్పడానికి ఇంగ్లిష్‌లో పేరు చివర పెట్టే ’స్. అరగంటలో అయిపోయింది, ఇంత సులువా అనుకున్నాను. మర్నాడు నోట్సు తెరిస్తే ఒక వాక్యం కనిపించింది: మై ఫ్రెండ్’స్ లైక్’స్ డాగ్’స్. నాలుగు మాటలకు మూడు అపాస్ట్రఫీలు. ఒక్కటీ అక్కర్లేదు. ఎస్ కనబడితే చాలు, దాని నెత్తిన ఒక కామా పెట్టేస్తోంది.

తప్పు తనది కాదని అర్థం కావడానికి కొంత టైమ్ పట్టింది. నేను చెప్పిన రూల్ కరెక్టే, చెప్పిన దారి కరెక్టు కాదు. తర్వాత ఇంకొన్ని పద్ధతులు ప్రయత్నించాను, తన స్నేహితుల మీద కూడా. వాటిలో ఏది ఎవరికి నప్పుతుందో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలకు ఇంగ్లిష్ మాటల్ని తెలుగు లిపిలోనే పెట్టాను. అపాస్ట్రఫీ ఎక్కడ పడిందన్నదే చూడండి.

ముందు, దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఈ గుర్తుతో అసలు చిక్కు ఏమిటంటే, అది చెవికి వినిపించదు. ‘డాగ్స్’ అని పలికితే చాలా కుక్కలా, ఒక కుక్కదా, చాలా కుక్కలదా? మూడూ ఒకటే శబ్దం. కాగితం మీద మాత్రం డాగ్స్, డాగ్’స్, డాగ్స్’ అని మూడు రకాలు. ఆరేడేళ్ల పిల్లలు విన్నదాన్ని విన్నట్టు రాసే దశలో ఉంటారు. వినబడని తేడాను వాళ్లకు పట్టిస్తుందా లేదా అన్నదే ఏ పద్ధతికైనా మొదటి పరీక్ష.

రెండోది, అతిగా పెట్టే అలవాటును ఆపుతుందా అన్నది. అపాస్ట్రఫీ మర్చిపోయే పిల్లల కంటే, కొత్తగా నేర్చుకుని ప్రతి ఎస్‌కూ తగిలించే పిల్లలతోనే నాకు ఎక్కువ పని పడింది. బ్రిటన్‌లో ఈ పొరపాటుకు ‘కూరగాయల కొట్టువాడి అపాస్ట్రఫీ’ అని వెక్కిరింపు పేరు కూడా ఉంది. కొట్ల బోర్డుల మీద బహువచనానికి అపాస్ట్రఫీ పెట్టేస్తారని. అంటే పెద్దవాళ్లూ చేసే తప్పే.

మూడోది, ఒక్కరి విషయంలో నేర్పింది చాలామంది విషయంలోనూ పనికొస్తుందా, లేక అక్కడికి వచ్చాక ‘ఇప్పటిదాకా చెప్పింది మర్చిపో, ఇది వేరే’ అనాల్సి వస్తుందా. నాలుగోది మన సంగతి: ఎంత టైమ్ ఉంది, మన ఇంగ్లిష్ మీద మనకెంత ధీమా ఉంది.

వయసు గురించి ఒక మాట. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న జాతీయ పాఠ్యప్రణాళికలో ఒక్కరికి చెందినదాని అపాస్ట్రఫీ ఆరేడేళ్ల పిల్లలకు పెట్టారు. గర్ల్స్’, బాయ్స్’ లాంటివి ఆ తర్వాతి రెండేళ్లకు వాయిదా వేశారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్ ప్రమాణాల్లో కూడా ఇది రెండో తరగతి పనే. ఇంగ్లిష్ ఇంటిభాషగా ఉన్న పిల్లలకే అంత గడువు ఇస్తున్నారు. ఐదేళ్లవాడికి రాలేదని టెన్షన్ పడాల్సిన పని లేదు.

రూల్ చెప్పి వర్క్‌షీట్ చేయించడం

అందరికీ తెలిసిన దారి ఇదే. ‘ఒకరిదైతే ఎస్‌కు ముందు, చాలామందిదైతే ఎస్ తర్వాత’ అని చెప్పడం, కింద ఇరవై ఖాళీలు ఇవ్వడం. పెద్దగా తయారీ అక్కర్లేదు, నలభై మంది ఉన్న క్లాసులో కూడా నడుస్తుంది, దిద్దడం తేలిక.

వర్క్‌షీట్‌లో నాకు కనిపించిన మోసం ఒకటే. ఆ పేజీలో ఉన్న ప్రతి ఖాళీకీ అపాస్ట్రఫీ కావాలి. పిల్లలకు ఆ సంగతి మూడో ఖాళీకల్లా తెలిసిపోతుంది. ఇక ఆలోచించడం ఆపేసి చకచకా పెట్టుకుంటూ పోతారు. ఇరవైకి ఇరవై వస్తాయి. మర్నాడు సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే ‘లైక్’స్’ వస్తుంది. వర్క్‌షీటే కావాలనుకుంటే, అందులో సగం వాక్యాలు అపాస్ట్రఫీ అక్కర్లేనివి ఉండేలా చూసుకోండి: మామూలు బహువచనాలు, రన్స్, ఈట్స్ లాంటి క్రియలు. ఈ ఒక్క మార్పుతో దాని విలువ రెట్టింపవుతుంది.

పైగా ఆ రూల్ పూర్తిగా నిజం కూడా కాదు. చిల్డ్రన్ అంటే చాలామందే. కానీ రాసేది చిల్డ్రన్’స్. మెన్’స్, విమెన్’స్ కూడా అంతే. ‘చాలామందిదైతే ఎస్ తర్వాత’ అని బట్టీపట్టిన పిల్లలు చిల్డ్రన్స్’ అని రాస్తే వాళ్లననడానికి లేదు, మనం చెప్పినట్టే రాశారు.

వస్తువులకు చీటీలు అంటించడం

చిన్న చిన్న కాగితం ముక్కలు, టేపు, ఇంట్లో ఉన్న మనుషులు. ఇంతే సామాను. మామ్’స్ చెయిర్, డాడ్’స్ షూస్, బేబీ’స్ పిల్లో అని రాసి ఆ వస్తువుల మీద అంటించాలి. ఐదారేళ్లవాళ్లకు ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు. ‘చెందడం’ అన్న మాట ఆ వయసులో గాలిలో మాట. నాన్న చెప్పుల మీద అంటించిన చీటీ మాత్రం కళ్లెదుటి సంగతి.

ఇక్కడ చిన్న కిటుకు. యజమాని పేరు ఒక రంగుతో, అపాస్ట్రఫీ ఎస్ ఇంకో రంగుతో రాయించండి. పేరు ఎక్కడితో అయిపోయిందో కంటికి కనబడాలి. మా అమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్ను అపాస్ట్రఫీ కోసమే దాచుకుంది, దాన్ని ఇంక దేనికీ వాడనిచ్చేది కాదు.

ఇది ఎక్కువ దూరం రాదు. రెండు వారాలయ్యాక చీటీలు గోడ రంగులో కలిసిపోతాయి, ఎవరూ చూడరు. చాలామందికి చెందిన వస్తువులు ఇంట్లో తక్కువ కాబట్టి బహువచనం దగ్గర ఆగిపోతుంది. మొదటి మెట్టుగా మాత్రమే తీసుకోండి.

‘ఆఫ్’ను తిరగేయడం

ద టెయిల్ ఆఫ్ ద క్యాట్ అని ముందు రాసి, దాన్ని ద క్యాట్’స్ టెయిల్ అని మార్పించడం. ఇంగ్లిష్ వ్యాకరణ పుస్తకాలకు ఇది ఇష్టమైన పద్ధతి. దీనికో బలం ఉంది: ద టెయిల్స్ ఆఫ్ ద క్యాట్స్ అని రాయగానే పిల్లులు చాలా ఉన్నాయన్నది బయటపడిపోతుంది.

కానీ తెలుగు పిల్లలకు ఇది చుట్టుదారి. మనం ‘పిల్లి తోక’ అంటాం. యజమాని ముందు, వస్తువు తర్వాత. క్యాట్’స్ టెయిల్ వరస కూడా అదే. తనకు సహజంగా వచ్చిన వరసను ముందు తలకిందులు చేయించి, మళ్లీ నిలబెట్టించడం ఎందుకు? ఇంట్లో ఇంగ్లిష్ ఎక్కువగా మాట్లాడే పిల్లలకైతే సరే, మిగతావాళ్లకు నేను దీన్ని పక్కన పెట్టేస్తాను.

తెలుగులో ‘ఎవరిది?’ అని అడగడం

నా ఓటు దీనికే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ఇంగ్లిష్ చెవికి వినబడని తేడా తెలుగు చెవికి వినబడుతుంది. అబ్బాయిలు, అబ్బాయి, అబ్బాయిల. ఈ మూడింటినీ ఏ పిల్లా కలగలపదు. ‘అబ్బాయి గది’ అంటే ఒకడిదని, ‘అబ్బాయిల గది’ అంటే చాలామందిదని, ఎవరూ నేర్పకుండానే నాలుగేళ్లకే తెలుసు. బాయ్స్, బాయ్’స్, బాయ్స్’ మధ్య ఉన్న తేడా అచ్చంగా ఇదే. చేతిలో ఉన్న ఈ పనిముట్టును వాడకుండా, ‘ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్పాలి’ అన్న పట్టుదలతో మనమే పిల్లల్ని ఇబ్బంది పెడుతున్నాం.

పద్ధతి ఇలా ఉంటుంది. కాగితం మీద ఒక అమ్మాయి, ఒక బ్యాగు బొమ్మ గీయండి.

‘ఈ బ్యాగు ఎవరిది?’

‘అమ్మాయిది.’

‘అమ్మాయిని ఇంగ్లిష్‌లో రాయి.’ గర్ల్ అని రాస్తుంది. ‘చివర ఎస్ ఉందా?’ లేదు. అయితే అపాస్ట్రఫీ, ఎస్ రెండూ పెట్టాలి: గర్ల్’స్ బ్యాగ్.

ఇప్పుడు పక్కన ఇంకో ఇద్దరు అమ్మాయిల్ని గీయండి. ఎవరిది? అమ్మాయిలది. రాయి. గర్ల్స్. చివర ఎస్ ఉందా? ఉంది. అయితే అపాస్ట్రఫీ ఒక్కటి చాలు: గర్ల్స్’ బ్యాగ్. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ఉన్నారు. ఎవరిది? పిల్లలది. రాయి. చిల్డ్రన్. చివర ఎస్ లేదు. చిల్డ్రన్’స్ బ్యాగ్. మూడింటికీ ఒకే ప్రశ్న, ఒకే క్రమం. ముందు యజమాని పేరు పూర్తిగా రాయాలి, తర్వాత చివరి అక్షరం చూసుకోవాలి. ‘ముందా, తర్వాతా’ అన్న గొడవే రాదు, చిల్డ్రన్ కోసం ప్రత్యేకంగా మినహాయింపు చెప్పాల్సిన పనీ లేదు.

జంతువులకైతే ‘దేనిది?’ అని అడుగుతాం, అంతే తేడా. కుక్కది, కుక్కలది.

ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. బ్యాగులు ఐదు ఉంటే తెలుగులో ‘ఎవరివి?’ అంటాం, ‘అమ్మాయివి’ అని జవాబొస్తుంది. ఆ ‘వి’ చూసి, అమ్మాయిలే చాలామంది అనుకుని పిల్లలు గర్ల్స్’ అని రాసేస్తారు. లెక్కపెట్టాల్సింది వస్తువుల్ని కాదు, యజమానుల్ని. ‘ది’, ‘వి’లను వదిలేసి వాటికి ముందు ‘ల’ ఉందా లేదా అని చూడమనండి. అమ్మాయివి: ‘ల’ లేదు, ఒక్కతే. అమ్మాయిలది: ‘ల’ ఉంది, చాలామంది. ఈ తేడా పట్టుబడటానికి మా ఇంట్లో నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత మాత్రం వెనక్కి పోలేదు.

అతిగా పెట్టే అలవాటుకు కూడా ఇదే మందు. ‘ఫ్రెండ్’స్ లైక్’ అని రాస్తే, ‘స్నేహితుడిదా? ఏమిటి స్నేహితుడిది?’ అని అడగండి. తర్వాత వస్తువేమీ లేదు కాబట్టి తనకే నవ్వొస్తుంది. ‘లైక్’స్’ దగ్గర ‘ఇష్టపడటానిదా?’ అంటే ఇంకా నవ్వొస్తుంది.

ఇది చేతులెత్తేసే చోటు ఒకటుంది: ప్రాణం లేని వస్తువులు. ‘టేబుల్ కాలు’, ‘గోడ గడియారం’ అని తెలుగులో అంటాం కదా అని టేబుల్’స్ లెగ్, వాల్’స్ క్లాక్ అని రాస్తే కుదరదు. ఇంగ్లిష్‌లో అవి టేబుల్ లెగ్, వాల్ క్లాక్. మొదటి ఏడాది మనుషులు, జంతువులతోనే సరిపెట్టండి, ఈ చిక్కే రాదు.

పుస్తకాల్లో, బోర్డుల మీద వేట

చదువుతున్న కథలో అపాస్ట్రఫీలు వెతకడం, దారిలో బోర్డులు చూడటం. పిల్లలకు సరదా, మనకు ఖర్చు లేదు. మెక్‌డొనాల్డ్స్, లెవీస్ పేర్లలో అపాస్ట్రఫీ ఉంటుంది, స్టార్‌బక్స్‌లో ఉండదు. బ్రిటన్‌లోని వాటర్‌స్టోన్స్ అనే పుస్తకాల దుకాణాల సంస్థ 2012లో తన పేరులోంచి దాన్ని తీసేసింది. అమెరికాలో ఊళ్లకూ కొండలకూ అధికారికంగా పేర్లు ఖాయం చేసే బోర్డు 1890 నుంచీ అపాస్ట్రఫీ పడనివ్వదు, మార్తాస్ వినియార్డ్ లాంటి అతి కొద్ది పేర్లకే మినహాయింపు ఇచ్చింది. బడి వయసు దాటినవాళ్లకు ఇవన్నీ భలే కబుర్లు. ఆరేళ్లవాళ్లకు మాత్రం గందరగోళం. బోర్డు మీద లేదు కాబట్టి అక్కర్లేదేమో అనుకుంటారు. అందుకే వేటను కథల పుస్తకాలకే పరిమితం చేస్తాను, అదీ రూల్ కొంత వచ్చాక. కనిపించిన ప్రతి అపాస్ట్రఫీ దగ్గరా ‘ఎవరిది?’ అని అడిగితే, రెండు మాటల్ని కుదించినందుకు అపాస్ట్రఫీ పడే డోన్’ట్, కాన్’ట్‌లు తమంతట తామే పక్కకు తప్పుకుంటాయి.

యాప్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెర మీద రెండు జవాబుల్లో ఒకటి నొక్కడం వేరు, ఖాళీ కాగితం మీద గుర్తొచ్చి పెట్టడం వేరు. ప్రయాణంలో కాలక్షేపానికైతే ఓకే.

| పద్ధతి | వినబడని తేడా పట్టిస్తుందా | అతిగా పెట్టడాన్ని ఆపుతుందా | బహువచనం దాకా వస్తుందా | మనకు కావలసింది |
|---|---|---|---|---|
| రూల్, వర్క్‌షీట్ | లేదు | లేదు, కొన్నిసార్లు పెంచుతుంది | వస్తుంది, చిల్డ్రన్ దగ్గర తడబడుతుంది | దిద్దే ఓపిక |
| చీటీలు | కంటికి చూపిస్తుంది | కొంత | రాదు | ఒక సాయంత్రం |
| ‘ఆఫ్’ తిరగేయడం | పట్టిస్తుంది | కొంత | వస్తుంది | ఇంగ్లిష్ మీద పట్టు |
| ‘ఎవరిది?’ | బాగా పట్టిస్తుంది | ఆపుతుంది | వస్తుంది | రోజుకు పది నిమిషాలు, తెలుగు |
| వేట | సొంతంగా కాదు | కొంత | అరుదుగా | కథల పుస్తకాలు |

మీ ఇంట్లో, మీ క్లాసులో ఏది?

పాపకు ఐదారేళ్లయితే చీటీలతో మొదలుపెట్టి, చదవడం కుదిరాక ‘ఎవరిది?’లోకి రండి. మధ్యలో వర్క్‌షీట్ జోలికి పోకండి.

‘నాకే ఇంగ్లిష్ అంతంత మాత్రం, నేనేం నేర్పుతాను’ అనుకునే అమ్మానాన్నలకు ‘ఎవరిది?’ పద్ధతి ఇంకా బాగా నప్పుతుంది. ప్రశ్న తెలుగులో, జవాబు తెలుగులో. మీరు చూడాల్సింది చివర ఎస్ ఉందా లేదా అన్నదొక్కటే.

ఇంట్లో తెలుగు అంతగా నడవని పిల్లలకు ‘ల’ కిటుకు పనిచేయదు. వాళ్లకు బొమ్మలు, ‘ఆఫ్’ తిరగేయడం కలిపి వాడండి. బొమ్మ అన్నిచోట్లా పనికొస్తుంది. 1958లో జీన్ బెర్కో అనే భాషా పరిశోధకురాలు నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఎక్కడా లేని జంతువుల బొమ్మలు చూపించి, లేని పేర్లు పెట్టి, ఈ టోపీ ఎవరిదని అడిగింది. ఎప్పుడూ వినని పేరుకు కూడా చాలామంది పిల్లలు సరిగ్గా ‘స్’ చేర్చి చెప్పారు. నిజ్ లాంటి, చివర ‘జ్’ శబ్దం ఉన్న పేరు దగ్గర ఎక్కువగా తడబడ్డారు. నోటితో చెప్పడం ముందే వచ్చేస్తుంది, రాసేటప్పుడే కష్టం.

పెద్ద క్లాసు చెప్పే టీచర్లకు ఒక విన్నపం: డిక్టేషన్‌లో ‘డాగ్స్ టెయిల్’ అని చదివి మార్కులు కోయకండి. విన్నదాన్ని బట్టి తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు. బోర్డు మీద ఒక కుక్కనో రెండు కుక్కల్నో గీసి అప్పుడు చదవండి.

ఎనిమిదీ తొమ్మిదేళ్లు వచ్చి ప్రతి ఎస్‌కూ పెట్టే అలవాటు ముదిరినవాళ్లకు కొత్త రూల్ ఏదీ చెప్పకండి. రాసింది తనే దిద్దుకునే పని ఇవ్వండి. అపాస్ట్రఫీ నుంచి మొదలుపెట్టి ఆ మాటలో మిగిలినదంతా వేలితో మూసేయాలి. బయట మిగిలింది యజమాని పేరై ఉండాలి. చిల్డ్రన్స్’ అని రాసి మూస్తే చిల్డ్రన్స్ మిగులుతుంది, అలాంటి మాటే లేదు. లైక్’స్ అని రాసి మూస్తే లైక్ మిగులుతుంది, అది ఎవరి పేరూ కాదు.

రెండు మొండి కేసులు

శ్రీనివాస్, తేజస్, మానస్. తెలుగు పేర్లున్న క్లాసులో ఇది మొదటి వారమే వస్తుంది. శ్రీనివాస్’స్ బుక్ అనాలా, శ్రీనివాస్’ బుక్ అనాలా? రెండూ వాడుకలో ఉన్నాయి. అమెరికాలో పుస్తకాలు వేసేవాళ్లు ఎక్కువగా పాటించే రచనా నియమాల పుస్తకం షికాగో మాన్యువల్ మొదటిది రాయమంటుంది, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ రెండోది రాస్తుంది. నేను మొదటిదాన్నే నేర్పుతాను. పలికేటప్పుడు ‘శ్రీనివాసెస్’ అని అదనపు శబ్దం వినబడుతుంది కాబట్టి రాతలోనూ అది ఉంటే పిల్లలకు తేలిక. ‘చివర ఎస్ ఉంటే అపాస్ట్రఫీ ఒక్కటే’ అన్నది చాలామంది విషయంలోనే, ఒక్కడి పేరైతే ఎప్పుడూ అపాస్ట్రఫీ ఎస్ అని చెబితే సరిపోతుంది. స్కూల్లో రెండోది చెబుతున్నారా, అయితే అదే కానివ్వండి. మనకూ టీచరుకూ మధ్య పిల్లవాడు నలగడం ఎందుకు?

ఇక ఇట్స్, ఇట్’స్. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా ఈమెయిల్‌లో తప్పు రాసే మాట ఇది. చెందినదైనా ఇట్స్‌కు అపాస్ట్రఫీ ఉండదు, హిజ్‌కు లేనట్టే. ఇట్ ఈజ్‌ను కుదిస్తేనే ఇట్’స్. ఇక్కడ కూడా తెలుగు చెవే గట్టెక్కిస్తుంది. ఇట్స్ టెయిల్: దాని తోక. ఇట్’స్ స్లీపింగ్: అది నిద్రపోతోంది. ‘దాని’ అని వస్తే అపాస్ట్రఫీ లేదు, ‘అది’ అని వస్తే ఉంది. యువర్, యూ’ఆర్‌ల మధ్య కూడా ఇదే: ‘నీ’ అయితే లేదు, ‘నువ్వు’ అయితే ఉంది. హూజ్, హూ’స్: ‘ఎవరి’ అయితే లేదు, ‘ఎవరు’ అయితే ఉంది. అయితే వీటిని అపాస్ట్రఫీ ఎస్ నేర్పే నెలలోనే కలపకండి. కనీసం ఒక నెల గ్యాప్ ఇవ్వండి. నేను ఆ తొందర పడ్డాను, మా అమ్మాయి కొన్నాళ్లపాటు హి’జ్ అని రాసింది.